నాలుగు చుక్కల సున్న

వర్గల్ శంభుని గుట్ట మీద విద్యాసరస్వతి సన్నిధిలో మా అన్న మనుమరాలికి అక్షరాభ్యాసం చేయించి దిగివస్తున్నాము. పాప దాహమంటూ చేతిపంపు వైపు పరుగెత్తింది. నేను కేక వేసి ఆపాను. "నీకింకా ఆ భయం పోలేదా?" అని వదిన నవ్వింది.

పోలేదు. 1980లలో, వర్గల్ ఇంకా మెదక్ జిల్లాలో ఉన్ననాడు, నేను బి.ఎస్సీ. జంతుశాస్త్రం విద్యార్థిని. ఎంటమీబా హిస్టోలిటికా బొమ్మను రికార్డులో పెన్సిలుతో ముచ్చటగా గీసినవాణ్ణి. ఆ వేసవిలోనే ఇక్కడ మేనత్త ఇంట జిగట విరేచనాలు పట్టుకున్నాయి. నెలలు గడిచాక కాలేయంలో చీముగడ్డ. సూదితో లాగిన చీము బెల్లం పాకం రంగులో ఉండెను. అదే బావి నీరు తాగిన మేనత్త మనుమడు, మూడేళ్ళవాడు, మాకు దక్కలేదు. వాడికి వచ్చినది ఇదేనో మరొకటో ఎవరూ పరీక్షించలేదు.

ఆనాటి పాఠంలో ఈ జీవికి మైటోకాండ్రియా లేవనీ, గాల్జీ దొంతరలు కనిపించవనీ చదివాము. పాపం, ఆదిమజీవి అనుకున్నాము! 1999లో తేలినదేమంటే, మైటోకాండ్రియా శిథిలమై మిగిలిన సూక్ష్మమైన సంచులు, మైటోసోములు, దానిలో ఉన్నాయట. ఆక్సిజన్ అరుదైన పేగులో బతుకుతూ అక్కరలేనిది వదులుకున్నదన్నమాట. పేదరికమనుకున్నది పొదుపు! కోశంలో మొద్దు కొనల కడ్డీలుగా కనిపించేవి రైబోసోములే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అవి స్ఫటికంలా వరుస తీరి ఉంటాయి. చుట్టూ కైటిన్ గోడ. మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగదు, మరగకాస్తే చస్తుంది.

1903లో షౌడిన్ పెట్టిన పేరుకు కణజాలాన్ని కరిగించేదని అర్థం. అయితే అది బతికున్న మన కణాలను ముక్కలు ముక్కలుగా కొరికి తింటుందని 2014లో కనుగొన్నారు. ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బొమ్మకు నాకు పదికి తొమ్మిది మార్కులు వేశారు మరి.

కాచి చల్లార్చిన నీళ్ళు పాపకు తాగించి, కొత్త పలక మీద ఓ సున్న చుట్టి, లోపల నాలుగు చుక్కలు పెట్టాను. కోశంలోని నాలుగు కేంద్రకాలు.

"ఇదేందో చెప్పు?"

"అంగీ గుండీ!" అన్నది.