అంబాసిడర్ పంటెక్కితే...

యూరప్‌లో వేసవి వచ్చిందంటే పాతకార్లకు ప్రాణం లేచొస్తుంది. ఏడాదంతా షెడ్లో దుప్పటి కప్పుకుని పడుకున్న ఎంజీలూ ఆల్ఫా రోమియోలూ రోడ్డెక్కుతాయి. టాపు తీసేసి, వెనక చిన్న తోలుపెట్టె కట్టుకుని, ఆల్ప్స్ కొండదారుల్లో తాపీగా షికారు చేస్తారు. ఇటలీలో బ్రెషియా నుంచి రోమ్ వెళ్లి మళ్లీ బ్రెషియా చేరే ‘మిల్లె మీలియా’ అయితే వాళ్లకో తిరునాళ్లే. 1927లో పందెంగా మొదలై, 1957లో జరిగిన ఘోర ప్రమాదంతో ఆగిపోయి, 1977లో పాతకార్ల యాత్రగా మళ్లీ పుట్టింది. 1955 పందెంలో స్టిర్లింగ్ మాస్ ఆ దాదాపు వెయ్యి మైళ్లనూ 10 గంటల 7 నిమిషాల్లో చుట్టేశాడు!

అంత వేగం మనకెందుకు... అంత డబ్బూ అక్కర్లేదు. పాతకారులో ఊళ్లు తిరిగే సరదా ఉంటే గోదావరి జిల్లాలున్నాయి. కారంటారా, అంబాసిడరుంది. నవ్వకండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి దిగిన బండి అది. దాని పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, యూరప్ కుర్రకారు మోజుపడ్డ ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒకే కుటుంబానివి. అక్కడ ఇద్దరు కూర్చుంటే నిండిపోయేది. ఇక్కడ పెళ్లివారు పదిమంది ఎక్కినా ‘ఇంకొకరు రావచ్చు’ అనేది. 2014లో తయారీ ఆగిపోయింది గానీ, ఇష్టంగా దాచుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

భీమవరం వైపు నుంచి వస్తే పాలకొల్లులో ఆగాల్సిందే. పంచారామాల్లో ఒకటైన క్షీరారామంలో దణ్నం పెట్టుకుని, దిబ్బరొట్టె తిని బయల్దేరితే ఇంజనుకీ కాస్త విశ్రాంతి. అక్కణ్నుంచి నరసాపురం పది కిలోమీటర్లు. ఊరి బయట మాధవాయిపాలెం రేవు. రోడ్డు అక్కడితో సరి. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతల సఖినేటిపల్లి. మధ్యలో పంటు.

కారును పంటెక్కించడం అనుకున్నంత సులువు కాదు. సముద్రం దగ్గర కాబట్టి నదికి పోటూపాటూ ఉంటాయి. పోటు మీద నీరు నిండుగా ఉంటే ఫర్వాలేదు. పాటు మీద రేవు దిగుడు ఏటవాలైపోతుంది. ఫస్టు గేరులో, బ్రేకు మీద కాలుంచి, ముందు నిలబడ్డ పంటు కుర్రాడి చేతిసైగనే నమ్ముకుని దించాలి. ముందు బండ్లూ సైకిళ్లూ కావిళ్లూ సర్దుకున్నాక కార్ల వంతు. ఒకసారి కదిలాక మాత్రం ఇంజను ఆపేసి తలుపు తీసుకుని కూర్చోవచ్చు. కారు నడవకుండానే ఊరు వెనక్కి వెళ్లిపోతుంటుంది!

ఈ రేవు సామాన్యమైంది కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లిషువాళ్లు ఓడలు కట్టించుకున్నది ఇక్కడే. ఇక్కణ్నుంచి వెళ్లిన నూలుబట్టకు ఈ ఊరి పేరే ‘మడపోలం’గా స్థిరపడింది. ఫ్రెంచి నిఘంటువుల్లో ఆ మాట ఇంకా ఉంది. తర్వాత నరసాపురం ఆడవాళ్లు అల్లిన లేసు కూడా యూరప్ ఇళ్లలో బల్లల మీద పరుచుకుంది. అంటే వాళ్లు కార్లలో షికార్లు మొదలుపెట్టకముందే ఇక్కడి సరుకు అక్కడంతా తిరిగొచ్చిందన్నమాట.

పంటు ప్రయాణం చూడ్డానికి వచ్చినవాళ్లకు సరదా. రోజూ దాటేవాళ్లకు కాదు. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు పల్లెలకు దగ్గరి పట్నం నరసాపురమే. సంతకైనా ఆసుపత్రికైనా, 1949లో పెట్టిన వైఎన్ కళాశాలలో చదువుకైనా నది దాటాలి. వరదొస్తే పంటు ఆగిపోతుంది. రాత్రిపూట పురిటినొప్పులొస్తే 216 జాతీయ రహదారి మీదున్న చించినాడ వంతెన చుట్టూ తిరగాలి. అది ముప్పై కిలోమీటర్లకు తక్కువ కాదు. వంతెనకు శంకుస్థాపనలు జరిగాయి, ఫలకాలు పడ్డాయి, ఎన్నికలు వచ్చిపోయాయి.

జర్మనీలోనూ ఇలాంటి చోటుంది. రైన్ నది మీద మైంజ్‌కీ కోబ్లెంజ్‌కీ మధ్య సుమారు 80 కిలోమీటర్ల మేర ఒక్క వంతెనా లేదు. పాతకార్లవాళ్లు ముచ్చటపడి మరీ అక్కడ పడవెక్కుతారు. 2002లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన లోయ కాబట్టి వంతెన కడితే అందం చెడుతుందని కొందరు, కట్టకపోతే మా బతుకు చెడుతుందని ఒడ్డునున్నవాళ్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. మన దగ్గర అందం గురించి అడ్డుపడ్డవాళ్లు లేరు. అయినా పంటే దిక్కు!

అవతల ఒడ్డెక్కాక కొబ్బరితోటల మధ్య సన్నటి రోడ్డు అంతర్వేది దాకా తీసుకెళ్తుంది. ఎదురుగా కొబ్బరి ట్రాక్టరు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లక తప్పదు. లక్ష్మీనరసింహస్వామి దర్శనమయ్యాక నది సముద్రంలో కలిసే చోటు చూసి రావచ్చు. ఇసుకలోకి మాత్రం కారు దించొద్దు, అంబాసిడర్ బరువుకు కూరుకుపోతే తోయడానికి ఊరంతా రావాలి. మాఘమాసం కల్యాణం రోజుల్లో అయితే కారు నరసాపురంలోనే వదిలేసి నడిచి పంటెక్కడం మేలు. మామూలు రోజుల్లో వెళ్లేవాళ్లు రేవులో దిగేటప్పుడే ఒక మాట అడిగి పెట్టుకోవాలి... తిరుగు ప్రయాణానికి ఆఖరి పంటు ఎన్నింటికని.