దుఆతో పాటు ఒక మాట

గుంటూరులో మిరప ఘాటు కమ్ముకునే రోజులు వచ్చాయంటే మా ఏడేళ్ళ అబ్బాయికి ఆయాసం తప్పేది కాదు. ఇషా తర్వాత మొదలయ్యే పిల్లికూతలు ఫజ్ర్ అజాన్ దాకా మా ఇద్దరినీ వాడి పక్కనే కూర్చోబెట్టేవి.

రోజూ పీల్చే మందుకు తోడుగా డాక్టరు గారు మాంటెలుకాస్ట్ 5 మి.గ్రా. నమిలే మాత్రను రాత్రికి ఒకటి చొప్పున వ్రాశారు. శ్వాసనాళాలను వాచేలా, బిగుసుకునేలా చేసే ల్యూకోట్రయీన్లనే పదార్థాల ప్రభావాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. ఉబ్బసం ముంచుకొచ్చాక వేసుకునేది కాదిది, రాకుండా వేసుకునేది. ముంచుకొచ్చినప్పుడు వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలరే శరణ్యం.

రెండు వారాల్లో పిల్లికూతలు తగ్గాయి. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాము. కానీ అర్ధరాత్రి వాడు కేకలు వేస్తూ లేవడం మొదలైంది. పగలు చీటికిమాటికి కోపం, కారణం లేని ఏడుపు. దిష్టి తగిలిందన్నారు పెద్దలు. తాయెత్తు కట్టమన్నారు కొందరు. తాయెత్తు కట్టలేదు గానీ సూరె ఫలఖ్, సూరె నాస్ పఠించి వాడిపై ఊదేవాళ్ళము. డాక్టరుకు చెప్పాలని మాత్రం మాకు తోచలేదు. ఊపిరినిచ్చిన మందును అనుమానించడమా!

నెల తర్వాత మందు కోసం వెళ్ళినప్పుడు, "బాబు నిద్ర ఎలా ఉంది?" అని ఆయనే అడిగారు. విషయం విని, కొందరిలో ఈ మందు పీడకలలు, కోపం, దిగులు కలిగించవచ్చని, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలకూ దారితీయవచ్చని వివరించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించాలని ఆదేశించిందట. ఆయన ఆ మాత్ర ఆపి, పీల్చే మందును సరిచేశారు. కొద్ది రోజుల్లోనే వాడు ప్రశాంతంగా నిద్రపోసాగాడు.

ఇదే మాత్ర మా బంధువుల పాపకు ఏ ఇబ్బందీ లేకుండా మేలు చేస్తోంది. కనుక మందు చెడ్డదని మేము అనము. ఎవరూ సొంతంగా ఆపవద్దనీ కోరుతున్నాము. మా పొరపాటు మందు వాడటంలో లేదు, చూసినది చెప్పకపోవడంలో ఉంది.

ముందు ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. మేము దుఆ చేశాము గానీ త్రాడు ముడి వేయడం మరిచాము. ఇప్పుడు ఏ కొత్త మందు వ్రాసినా, బిస్మిల్లాహ్ అని నోట వేయకముందే రెండు సంగతులు అడుగుతున్నాము: ఇది ఏం చేస్తుంది? ఏం కనిపిస్తే మీకు చెప్పాలి?