రాక్షసబల్లీ, చాక్లెట్ కాగితమూ

మా ఇంట్లో సినిమా చూడటం ఒక ఎత్తు, చూసొచ్చాక దాని మీద అభిప్రాయాలు వినటం ఇంకో ఎత్తు. వంకాయ కూర ఎలా ఉందండీ అని అడిగితే "ఊఁ" అని ఊరుకునే మనుషుల్ని సినిమా ఎలా ఉందని అడగండి, అరగంటకి తక్కువ కాకుండా మాట్లాడతారు. ఆ మాటల్లో సగం నా కూర మీద ఖర్చు పెట్టినా నా వంట ఈపాటికి బాగుపడి ఉండేది.

2025 జూలైలో "జురాసిక్ వరల్డ్: రీబర్త్" తెలుగు మాటలతో వచ్చింది. మావాడు అప్పుడు తొమ్మిదో తరగతి. పరీక్షలో అశోకుడి తాతగారి పేరు మర్చిపోతాడు గానీ రాక్షసబల్లుల వంశవృక్షం మాత్రం వాడికి కంఠతా వచ్చు. వారం ముందు నించీ ఇంట్లో ఒకటే గోల. మా అత్తగారు "మోకాళ్ళు సహకరించవు, మీరు వెళ్ళి రండమ్మా" అన్నారు. అన్న మనిషే ఆదివారం మధ్యాహ్నం అందరికంటే ముందు జరీ అంచు చీర కట్టుకుని వీధి అరుగు మీద కూచున్నారు. ఎదురింటి పిన్నిగారు "నాకా ఇంగ్లీషు సినిమాలు పడవు" అంటూనే ఆటోలో కిటికీ పక్క చోటు ఆక్రమించారు.

మావారికి అదృష్టవశాత్తూ ఆ ఆదివారం సెలవు పడింది. ఆయన మా పరవాడ ఫార్మా సిటీలో ఓ మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. రాత్రి పదింటికి ఎక్కి పొద్దున్న ఆరింటికి దిగే సి షిఫ్టు వారాల్లో మా ఇంట్లో సినిమాలు సరే, మిక్సీ కూడా పగటిపూట మోగదు.

మా పరవాడ ఎరగని వాళ్ళకి ఓ ముక్క చెప్పాలి. ఒక పక్క సింహాద్రి థర్మల్ వాళ్ళ కూలింగ్ టవర్లు, సముద్రపు నీళ్ళతో చల్లబడేవి. ఇంకో పక్క వరసగా మందుల ఫ్యాక్టరీలు. ముత్యాలమ్మపాలెం వైపు నడిస్తే సముద్రం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మమ్మల్ని అనకాపల్లి జిల్లాలో వేశారు గానీ, చీరలకీ సినిమాలకీ మేమింకా గాజువాక, విశాఖపట్నాలనే నమ్ముకుని ఉన్నాం. లంకెలపాలెం జంక్షన్‌లో లారీల మధ్య పావుగంట ఇరుక్కుని, చినుకుల్లో తడిసి, ఎలాగో ఆట మొదలయ్యే వేళకి హాల్లో పడ్డాం.

కథ పెద్దగా ఏమీ లేదు. గుండెజబ్బుకి మందు కనిపెట్టాలని ఒక మందుల కంపెనీ ఆశ. దానికి నేల మీదా, నీళ్ళలోనూ, గాల్లోనూ తిరిగే మూడు మహా జంతువుల రక్తం కావాలిట. అవి బతికున్నప్పుడే తియ్యాలిట. కంపెనీ మనిషి ఒకడు డబ్బు ఆశ చూపి స్కార్లెట్ జొహాన్సన్‌ని, ఓ పండితుణ్ణి, ఓ పడవవాణ్ణి వెంటేసుకుని దీవికి బయల్దేరతాడు. దారిలో పడవ తిరగబడ్డ సంసారం ఒకటి, తండ్రీ, ఇద్దరు కూతుళ్ళూ, పెద్దదాని స్నేహితుడూ వీళ్ళకి తగులుతారు. మిగతాది మీరు ఊహించుకోగలరు. ఎవరు ఎవర్ని తింటారన్నదే తేడా.

అయితే మొట్టమొదట ఒక ఘట్టం ఉంది. పదిహేడేళ్ళ కిందట అదే దీవి మీద ప్రయోగశాల. ఒక ఉద్యోగి చాక్లెట్ తిని కాగితం పడేస్తాడు. ఆ కాగితం గాలికి కొట్టుకుపోయి తలుపు యంత్రంలో ఇరుక్కుంటుంది. అంతే, తలుపు పనిచెయ్యదు, వ్యవస్థంతా కుప్పకూలుతుంది, లోపల బంధించిన వికార జంతువు బయట పడుతుంది. హాలంతా ఒకటే నవ్వు. వెనక వరసలో ఎవరో కుర్రాడు "ఇన్ని కోట్లు పోసి కట్టి, ఓ గొళ్ళెం పెట్టుకోలేకపోయార్రా!" అన్నాడు. నేనూ పగలబడి నవ్వాను. పక్కకి తిరిగి చూస్తే మావారు నవ్వటంలేదు. పాప్‌కార్న్ ధర ఇంకా అరగలేదు కాబోలు అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఆటోలోనే సమీక్ష మొదలైంది.

"మోసం!" అన్నాడు మావాడు. "మూడు డైనోసార్లన్నారు. నీళ్ళలో ఉండే మోసాసారస్ డైనోసారే కాదు, సముద్రపు సరీసృపం. ఎగిరేది కూడా డైనోసార్ కాదు. టీ రెక్స్ అసలు జురాసిక్ కాలంలోదే కాదు, అది పోయి కొన్ని కోట్ల ఏళ్ళు గడిచాక పుట్టింది. ఆఖర్న వచ్చే ఆరు కాళ్ళదైతే ఉత్త కల్పన."

"మరెందుకురా వారం రోజులు ప్రాణం తీశావు?" అన్నాను.

"బావుంది కాబట్టి!" అన్నాడు. విమర్శకులందరూ ఇంతే. ఒక్క సంగతి మాత్రం వాడు చెప్తే నాకూ ముచ్చటేసింది. టీ రెక్స్ నిద్రపోతూంటే ఆ సంసారం రబ్బరు తెప్ప వేసుకుని ఏట్లోంచి తప్పించుకునే ఘట్టం మైకేల్ క్రైటన్ 1990లో రాసిన మొదటి నవల్లోనే ఉందిట. 1993 సినిమాలో వదిలేసిన దాన్ని ముప్ఫై రెండేళ్ళకి, ఏడో సినిమాలో వాడుకున్నారు. పాత చీర అంచు దాచిపెట్టి ఎప్పటికో లంగాకి కుట్టే నాలాంటి వాళ్ళు హాలీవుడ్‌లోనూ ఉన్నారన్నమాట.

పిన్నిగారి అభిప్రాయం వేరు. "అంత డబ్బిచ్చి తీసుకెళ్ళారా, ఆ పిల్లకి మార్చుకోడానికి ఇంకో జత బట్టలైనా ఇవ్వకూడదూ? ఆ గొంతు మాత్రం ఎక్కడో సీరియల్లో అత్తగారి గొంతులా ఉందమ్మా. ఆవిడ తుపాకీ ఎత్తినప్పుడల్లా ఇప్పుడు కోడల్ని తిడుతుందేమో అనుకున్నాను." సినిమా చివర ఆ మందు రహస్యాన్ని కంపెనీకి అమ్ముకోకుండా లోకానికంతటికీ ఉచితంగా ఇచ్చేద్దామనుకుంటారు. అది పిన్నిగారికి బొత్తిగా నచ్చలేదు. "అంతమంది చచ్చి తెచ్చినది ఊరికే పంచిపెడతారా?"

"ఊరికే ఇస్తేనే మంచిది" అన్నారు మా అత్తగారు. నెలనెలా బి.పి. మాత్రల బిల్లు చూసేది ఆవిడే. కాసేపాగి, "ఆ రక్తంతో చేసిన మాత్రయితే మాత్రం నాకొద్దు" అన్నారు. ఆవిడకి నచ్చింది ఒక్కటే. ఎత్తు గడ్డి మైదానంలో రెండు టైటనోసార్లు మెడలూ తోకలూ పెనవేసుకుని నిలబడతాయి. "ఆ మొగుడూ పెళ్ళాల్ని చూస్తుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. వాటి దగ్గరికెళ్ళి సూది గుచ్చడానికి వీళ్ళకి చేతులెలా వచ్చాయో" అన్నారు. ఆటో అతను కూడా వెనక్కి తిరిగి చూశాడు.

అలాంటివి మనకీ ఉన్నాయి నాన్నమ్మా, అన్నాడు మావాడు. పాత ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో అస్థిపంజరం నిలబెట్టి ఉంది. చాలా జంతువుల ఎముకలు ఏరి ఒకటిగా కూర్చారుట. ఇది నిజంగానే జురాసిక్ కాలంది, పైగా శుద్ధ శాకాహారి. "మరి మనవాళ్ళు దాని మీద సినిమా తియ్యరేం?" అన్నారు అత్తగారు. గడ్డి తినేదాని మీద సినిమా తీస్తే ఎవరు చూస్తారు చెప్పండి.

సోమవారం పొద్దున్న చేపలమ్మి వచ్చింది. ముత్యాలమ్మపాలెం నించి తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి ఇరవై ఏళ్ళుగా వస్తోంది. సముద్రంలో పెద్ద జంతువు పడవని తిరగెయ్యటం మావాడు చేతులూపుతూ అభినయించి చూపించాడు. అంతా విని, "బయం సంగతికేటి గానీ బాబూ, ఆ పడవోళ్ళకి నష్టం ఎవులిచ్చారు?" అంది.

మావాడు తెల్లబోయాడు. సినిమాలో అది చెప్పలేదన్నాడు.

"మరదేటి సినిమా? పడవంటే ఆళ్ళ బతుకు కదా" అని, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి పెద్ద చేపలు కొత్త కావు. 2021 డిసెంబరులో తంతడి తీరానికి బ్రహ్మాండమైన వేల్ షార్క్ కొట్టుకొస్తే మత్స్యకారులూ అటవీశాఖ వాళ్ళూ కలిసి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి పంపించారు. ఎవరూ దాని రక్తం తియ్యలేదు.

అందరి అభిప్రాయాలూ అయ్యాయి, ఒక్క మావారిది తప్ప. ఆయన నోరు విప్పింది సోమవారం రాత్రి. మర్నాటి నించి మళ్ళీ సి షిఫ్టు. నేను ఆయన యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. మాటల్లో చాక్లెట్ కాగితం సంగతొచ్చి మళ్ళీ నవ్వాను.

"మీరంతా నవ్వారు గానీ, ఆ సినిమాలో నిజమైంది అదొక్కటే" అన్నారు.

నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టాను.

ఇక్కడ మా నాన్నగారి మాట ఒకటి చెప్పాలి. మొదటి జురాసిక్ పార్క్ మన దేశంలో 1994లో వచ్చింది. అప్పుడు నాకు పదేళ్ళు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పని. ఉక్కునగరం క్వార్టర్ నించి స్కూటర్ మీద తీసుకెళ్ళి చూపించారు. నేను రాత్రంతా నిద్రలో కేకలు పెడితే, పొద్దున్న కూచోబెట్టి చెప్పారు: "భయపడాల్సింది ఆ జంతువుల్ని చూసి కాదమ్మా. కంచెల కరెంటంతా ఒక్క మనిషి చేతిలో పెట్టారు చూడు, వాడికేమో జీతం చాలదని మంట. అదీ భయపడాల్సింది." పదేళ్ళ పిల్లకి అదేం అర్థమవుతుంది? సినిమా చూడటం రాని మనిషి అనుకున్నాను. ప్లాంట్లలో పనిచేసే వాళ్ళు ఒక్కో సినిమా ఒక్కోలా చూస్తారని ఆ సోమవారం రాత్రి తెలిసింది.

మావారు చెప్పింది ఇది. డ్రమ్ములోంచి సాల్వెంట్ రియాక్టర్‌లోకి తోడేటప్పుడు గొట్టంలో ఆ పరుగుకే కరెంటు పుడుతుంది. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వితే వెంట్రుకలు లేచి నిలబడతాయే, అలాంటిదే. అది డ్రమ్ములో పోగుపడకుండా ఒక క్లిప్పు తగిలించి భూమిలోకి వదిలేస్తారు. బట్టలారేసుకునే క్లిప్పుకి పెద్దన్నలా ఉంటుందిట. ఓ రాత్రి రెండు గంటలవేళ ఆయన రౌండ్‌కి వెళ్తే క్లిప్పు తగిలించే ఉంది. చెక్‌లిస్టులో టిక్కు కూడా ఉంది. కానీ ఆ డ్రమ్ముకి కొత్తగా రంగు వేశారు. క్లిప్పు పళ్ళు రంగునే పట్టుకుని ఉన్నాయి, ఇనుముని పట్టుకోలేదు. అంటే క్లిప్పు ఉన్నా లేనట్టే. పంపు నడుస్తోంది. చుట్టూ ఆవిరి. చిన్న నిప్పురవ్వ పుడితే చాలు.

"అప్పుడేం చేశారు?"

"పంపు ఆపించాను. చాలాసేపు ఆగి, డ్రమ్ము మార్పించి, క్లిప్పు సరిగ్గా పట్టిందని మీటరు పెట్టి చూశాకే మళ్ళీ మొదలెట్టించాను. అక్కడ ఆరుగురు కుర్రాళ్ళున్నారు. ఎవడిదీ తప్పు కాదు. రంగు వేసినవాడు తుప్పు పట్టకూడదని వేశాడు. క్లిప్పు పెట్టినవాడు పెట్టాడు. టిక్కు కొట్టినవాడు చూసే కొట్టాడు. చాక్లెట్ తిన్నవాడు మాత్రం ఏం చేశాడు, ఆకలేసి తిన్నాడు."

ఎప్పుడు జరిగిందండీ అన్నాను. ఆయన కొంచెం తటపటాయించి, "నువ్వు ఉప్మా పారబోసిన రోజు" అన్నారు.

నాకు వెంటనే గుర్తొచ్చింది. అంతకు ముందు సంవత్సరం మాట. ఆరున్నరకి రావలసిన మనిషి తొమ్మిదింటికి వచ్చారు. ఫోను లేదు, కబురు లేదు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాలిట. ఆయన వచ్చేసరికి ఉప్మా రాయైపోయింది. నేను మహా కోపంగా, ఈ ఇల్లు మీకు సత్రమా అని, గిన్నె తీసుకెళ్ళి ఆయన చూస్తుండగానే పెరట్లో కుమ్మరించాను. ఆయన ఏమీ అనకుండా మంచినీళ్ళు తాగి పడుకున్నారు. లోపల రిపోర్టు రాసి, పొద్దుటి షిఫ్టు వాళ్ళందరికీ చూపించి వచ్చేసరికి ఆ వేళైందిట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ప్రతి రాత్రీ నువ్వు నిద్రపోవు కదా."

నిజమే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ప్రమాదం జరిగి 17 మంది పోయినప్పుడు, ఆయన అక్కడ కాదు, ఇక్కడే పరవాడలోనే పనిలో ఉన్నారని తెలిసి కూడా సాయంత్రం దాకా నా కాళ్ళు నేలమీద ఆనలేదు. మా వీధిలో ఆడవాళ్ళమంతా గుమ్మాల్లోనే నిలబడ్డాం. ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. కంపెనీ బస్సు మలుపు తిరిగి కనబడేదాకా పిన్నిగారు నా చెయ్యి వదల్లేదు. ఆవిడ కొడుకూ అక్కడే పని.

ఆ రాత్రి ఇంకేం మాట్లాడుకోలేదు. చొక్కా జేబు దగ్గర ముడత ఉండిపోతే మళ్ళీ ఇస్త్రీ చేశాను.

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి బస్సొచ్చింది. "క్లిప్పు చూసుకోండి" అన్నాను. పక్క సీట్లోంచి ఎవరో తొంగిచూసి నవ్వారు, తలకి పెట్టుకునే క్లిప్పనుకున్నారో ఏమో. బస్సు వెళ్ళిపోయాక, చివరింటి వదినగారు గోడ మీంచి పిలిచి, "ఆదివారం ఆ బల్లుల సినిమాకి వెళ్ళారట కదా, పిల్లలు మమ్మల్నీ పీక్కు తింటున్నారు. ఎలా ఉంది, డబ్బు దండగేనా?" అని అడిగింది.

"బాగానే ఉంది. మొదలు మాత్రం పోనివ్వకండి, కాస్త ముందే వెళ్ళండి" అన్నాను.