చెరువు కట్ట మీద మే నెల పరుగు

మే నెలలో బాన్సువాడలో పరుగెత్తాలంటే తెల్లారకముందే లేవాలి. ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటుంది, మధ్యాహ్నానికి 44 డిగ్రీలు ఇక్కడ మామూలే. అందుకే వేసవి శిబిరానికి వచ్చే హైస్కూలు పిల్లలు మసక చీకట్లోనే కల్కి చెరువు కట్ట ఎక్కుతారు. రోడ్ల మీద చాలాచోట్ల యాసంగి వడ్లు ఇంకా ఆరుతూనే ఉన్నాయి. పైగా గట్టి సిమెంటు కంటే మట్టి కట్ట పిల్లల పిక్కలకు మేలు. నీళ్ల మీదుగా వచ్చే గాలి సరేసరి.

రాష్ట్రమంతటా వేసవిలో నడిచే ఉచిత క్రీడా శిబిరాల్లో క్రికెట్, వాలీబాల్ దగ్గరే గుంపు ఎక్కువ. పరుగుకు వచ్చేవాళ్లు కొద్దిమందే గానీ మొండివాళ్లు. వాళ్లకు పీఈటీ సారు పెట్టిన షరతు ఒక్కటే: పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తాలి. మాట తెగిందా, వేగం తగ్గించాల్సిందే. గుండెకు, ఊపిరికి సత్తువ వచ్చేది ఇలాంటి నిదానపు పరుగుతోనే. ఆ సంగతి పద్నాలుగేళ్ల పిల్లలకు నచ్చజెప్పడం ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను. ముందు దూసుకుపోయిన పిల్లలు రెండో రౌండుకే నడుం పట్టుకుని నిలబడ్డారు. చున్నీని నడుముకు బిగించి ముడేసుకున్న ఒక పిల్ల మాత్రం చివరి నుంచి మొదలుపెట్టి, కబుర్లు చెబుతూనే ఒక్కొక్కరినీ దాటిపోయింది. బూట్లలో ఒకదానికి లేసు లేదు, సుతిలి తాడు కట్టింది.

ఆదివారం లాంగ్ రన్‌కు నిజాంసాగర్ వెళ్లారు, వాళ్లతో నేనూ వెళ్లాను. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన డ్యామ్ ఇది. దాదాపు 3 కిలోమీటర్ల పొడవు, పైన 14 అడుగుల రోడ్డు. ఒకసారి వెళ్లొస్తే 6 కిలోమీటర్లు, అదీ ఎత్తుపల్లాలు లేకుండా. మే నెల కదా, మంజీర నీళ్లు అడుగంటి ఒడ్డు దూరంగా జరిగింది. పరుగయ్యాక గట్టు నీడన కూర్చుని అందరూ గుగ్గిళ్లు తిన్నారు.

సుతిలి తాడు పిల్లను "జూన్‌లో కూడా వస్తావా?" అని అడిగాను. "పదో తరగతి గద సార్, బడి షురూ అయితే మా ఇంట్ల పంపరు" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. మే నెల ఈ పిల్లలను వెతికి పట్టుకుంటుంది, జూన్ 12న బడి తెరిస్తే మళ్లీ చేజార్చుకుంటుంది. నెల రోజుల్లో కూడిన దమ్ము నెల రోజులు మానేస్తే మిగలదు.

ఏడాది పొడవునా సాధన దొరికితే ఏమవుతుందో తెలంగాణ చూసింది. ఈ జిల్లాలోనే తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. నార్సింగి గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. ఆ పోటీలో ఆఖరి అంశం 800 మీటర్ల పరుగే. హాస్టల్లో ఉంటే తెల్లవారుజాము సాధన చదువుతో పాటే సాగిపోతుంది. ఇంటి నుంచి బడికి వెళ్లే పిల్లకు ఆ వీలు ఎవరో ఒకరు కల్పించాలి.

అందుకు స్టేడియం అక్కర్లేదు. కట్ట ఉంది, నేర్పే సారూ ఉన్నారు. బడి రోజుల్లోనూ పొద్దున గంటసేపు ఆడపిల్లలతో ఉండేందుకు ఒక టీచరమ్మను పెట్టి, ఆ సంగతి ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు చెప్పాలి. ఈ జూన్‌లోనే.