నక్షాలో లేని బండి

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరచడం కాగితం మీద తేలికే. 1591 నాటి కట్టడాన్ని పొగ నుంచి, అదురు నుంచి కాపాడాలంటే తప్పదు కూడా. కానీ ఆ జాగా నిజంగా ఖాళీయేనా? పళ్ల బండ్లు, అత్తరు సీసాలు, లాడ్ బజార్ గాజుల కోసం వచ్చిన పెళ్లివారు, రంజాన్ రాత్రుల జనం... నక్షాలో వీళ్లెవరూ కనిపించరు. ఒక్కరోజు బండి పెట్టనివ్వకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

అందుకే అలాంటి చోట ఆవరణ తీర్చిదిద్దే ఆర్కిటెక్టు టేపు పట్టేముందు నాలుగు రోజులు అక్కడ కూర్చోవాలి. ఎవరు ఏ నీడన ఎన్నేళ్లుగా నిలబడుతున్నారో అడగాలి. గీసింది ఉర్దూలో, తెలుగులో విప్పి చెప్పాలి. కొట్టు యజమానికీ బండివాడికీ రాజీ కుదర్చాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం చోటు వాళ్లకే ఇచ్చింది. వినకుండా తరిమితే బండి పక్క సందులోకి పోయి, సాయంత్రానికి మళ్లీ చార్మినార్ దగ్గరే తేలుతుంది.