పందిరికి తమ్ముడు

రండి, కూసోండి. చాయ్ పొయ్యి మీదనే ఉన్నది. అది మరిగేలోపు ఒక్కసారి మా పెరట్లోకి తొంగి చూడండి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పైనా పక్కలా ఇనుప జాలి, పైజాలి మీద పచ్చ వల. దీన్ని నేను గ్రీన్‌హౌస్ అంటాను. మా అమ్మ కోళ్ల గూడు అంటది. మా గల్లీ పిల్లలైతే 'కోతులకు దొరకని తోట' అని పేరు పెట్టారు. కరీంనగర్‌లో పెరడున్న ఎవరినడిగినా పిల్లల మాటకే ఓటేస్తారు. పిందె పడ్డ రోజు మనకంటే ముందు కోతికే తెలుస్తుంది మరి.

మొదటి ఏడు నేను కట్టింది ఇది కాదు. చలిదేశాల వాళ్ల గాజు ఇండ్లు ఫోన్‌లో చూసి చూసి మనసు పారేసుకున్నాను. కంకబొంగులు తెచ్చి, చెదలు పట్టకుండా మొదళ్లకు డాంబర్ పూసి పాతి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, చీమ దూరే సందు లేకుండా మూసేశాను. సంక్రాంతి దాటాక పోసిన టమాట నారు ముద్దుగా మొలిచింది. చుట్టుపక్కల అందరినీ పిలిచి చూపించాను. శివరాత్రి వచ్చింది, చలి శివశివా అంటూ పోయింది. ఒక మధ్యాహ్నం కవరు ఎత్తి చూస్తే నారంతా ఉడికిన పాలకూర లెక్క అయింది. మా అమ్మ వచ్చి, ఆవిరి మొహానికి కొట్టగానే వెనక్కి జరిగి, "ఏం కొడుకా, నారు పోసినవా, ఇడ్లీలు పెట్టినవా?" అన్నది.

తప్పు కవరుది కాదు, దాని పని అది చేసింది. వెలుగును లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గాలిని బయటికి పోనీయదు. అమెరికాలో రాబర్ట్ వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త 1909లో రెండు పెట్టెలు తీసుకొని ఒకదానికి గాజు, ఇంకోదానికి రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. రాతి ఉప్పు వేడి కిరణాలను ఆపదు. అయినా రెండు పెట్టెలూ ఇంచుమించు ఒకేలా కాగాయి. అంటే అసలు కిటుకు గాలిని కదలకుండా బంధించడంలోనే ఉన్నదన్నమాట. ఎండలో అద్దాలు ఎక్కించి పెట్టిన కారులో కూర్చున్నవాళ్లకు ఈ ప్రయోగం చెప్పక్కర్లేదు. ఎండకాలంలో 45 డిగ్రీలు చూసే ఊళ్లో నేను కష్టపడి ఇంకో పొయ్యి కట్టుకున్నాను, అంతే.

ఆ కవరు వృథా పోలేదు లెండి. ఆదిలాబాద్‌లో ఉండే మా బామ్మర్ది, "బావా, నీకు అక్కరకు రానిది నాకియ్యి" అని పట్టుకుపోయాడు. అక్కడ పుష్యమాసంలో రాత్రిళ్లు ఐదారు డిగ్రీలకు దిగే రోజులుంటాయి. ఆ చలికి మిరప గింజ మట్టిలోనే ముడుచుకొని పడుకుంటది. సాయంత్రం నారుమడి మీద కవరు కప్పి, పొద్దెక్కగానే తీసేస్తాడు. పక్కన నీళ్లు నింపిన నల్ల డ్రమ్ము ఒకటి. పగలు తాగిన ఎండను అది రాత్రి మెల్లగా వదులుతుంది. ఒకే కవరు నాకు శత్రువు, ఆయనకు దుప్పటి.

రెండో ఏడు బుద్ధి తెచ్చుకొని ఇనుప పైపులు నిలబెట్టించాను. సగం ఎండను ఆపే 50 శాతం వల కప్పాను. కొత్తిమీర, పాలకూర, పుంటికూర బాగానే వచ్చాయి. కానీ తెల్లదోమ భయంతో పక్కలకు దోమతెర లాంటి సన్నటి వల చుట్టాను. బీరతీగ అల్లుకుంది, పూసింది, రాలింది. కాయ మాత్రం లేదు. దోమనే కాదు, తేనెటీగనూ నేనే బయట నిలబెట్టాను కదా! బీరపువ్వు విప్పుకునేది సాయంత్రం. అప్పుడు మగపువ్వు తెంపి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి అద్దుతూ నెల రోజులు తిరిగాను. అమ్మ అది చూసి, "ఈ వయసుల పెండ్లిండ్ల పేరయ్యవైనవా?" అని నవ్వింది. మరునాడే సన్నవల విప్పేసి జాలి కట్టించాను. ఇప్పుడు తేనెటీగ వస్తుంది, కోతి రాదు.

ఇదంతా నా ఒక్కడి పిచ్చి అనుకోకండి. మన తెలంగాణలోనే 'ఖేతీ' అనే సంస్థ చిన్న రైతుల కోసం, చలిని ఆపడానికి కాక వేడిని తగ్గించడానికి, తక్కువ ఖర్చులో వలల ఇల్లు తయారుచేసింది. 2022లో దానికి ఎర్త్‌షాట్ బహుమతి కింద పది లక్షల పౌండ్లు వచ్చాయి. ఇంకో ముచ్చట. ములుగులో (సిద్దిపేట జిల్లా ములుగు సుమా) మన తోటల యూనివర్సిటీకి పెట్టిన పేరు కొండా లక్ష్మణ్ బాపూజీది. ఆయన 1915లో పుట్టింది పాత ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో, నేతవాళ్ల ఇంట్లో. వల కూడా దారం అల్లికే కదా అని, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఆలోచిస్తే మనకిది కొత్త విద్యేం కాదు. చిక్కుడు పందిరి, బీర పందిరి, వాకిట్లో చలువ పందిరి వేసుకున్నవాళ్లమే. చలిదేశపు గ్రీన్‌హౌస్ ఎండను పట్టి ఉంచేది, మనది ఎండను వడగట్టేది. దాని వంశం వేరు. మన వల ఇల్లు పందిరికి తమ్ముడు.

మీరూ కడతారా? అయితే రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా ఆగకండి. హోళీ కాగానే వల కప్పండి. మృగశిర చల్లబడగానే చుట్టి అటక మీద పెట్టండి, వానకాలం మొక్కకు మబ్బు నీడ చాలు. కప్పుకు ఎనిమిది అడుగుల ఎత్తు ఉంచండి, గాలికి దారి వదలండి. విత్తనం వేసేముందు మిట్టమధ్యాహ్నం మీరే పది నిమిషాలు లోపల కూర్చొని చూడండి. మీరు లేచి వచ్చేస్తే కొత్తిమీర కూడా ఉండదు.