30-3తో గెలిచినా ‘సేవ్’ అంట!

30-3తో గెలిచిన మ్యాచ్‌ని ఒకడు ‘కాపాడాడు’ అంటే నమ్ముతారా? 2007లో టెక్సాస్ రేంజర్స్, బాల్టిమోర్ ఓరియోల్స్‌ని అలా చితక్కొట్టింది. వెస్ లిటిల్టన్ దిగేసరికే స్కోరు 14-3. చివరి మూడు ఇన్నింగ్స్ వేశాడు, ఖాతాలో ‘సేవ్’ పడింది! అది చదివాకే నాకు ఈ రిలీఫ్ పిచర్ల లెక్కల పిచ్చి పట్టుకుంది.

మొదట దిగిన పిచర్ తర్వాత వచ్చేవాళ్లంతా రిలీఫ్ పిచర్లే. చివర్లో వచ్చేవాడు మన డెత్ ఓవర్ల బౌలర్ టైపు. జట్టు మూడు రన్స్ లోపు ఆధిక్యంలో ఉండగా దిగి, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి, ఆధిక్యం పోకుండా మ్యాచ్ ముగిస్తే సేవ్ ఇస్తారు. చివరి మూడు ఇన్నింగ్స్ వేస్తే ఆధిక్యం ఎంతున్నా ఓకే. చికాగో జర్నలిస్ట్ జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ ఆలోచన ఇది. 1969లో అధికారిక లెక్కయింది.

మరి ఏడో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా దిగి, ఒక్క రన్నూ ఇవ్వకుండా గట్టెక్కించినవాడికి? మహా అయితే ‘హోల్డ్’ అని ఒక అంకె. పోనీ అతను ఆ రన్నర్లని వదిలేస్తే? ఆ రన్స్ పాత పిచర్ లెక్కలోకి పోతాయి. కొత్తవాడి ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే రన్స్ సగటు, చెక్కుచెదరదు. అందుకే ముందువాడు వదిలెళ్లిన రన్నర్లలో ఎంతమందిని ఆపాడో కూడా చూడాలి.

లెక్కని మరీ నమ్మితే ఏమవుతుందో 2016లో ఓరియోల్స్‌కి తెలిసొచ్చింది. జాక్ బ్రిటన్ ఆ సీజన్‌లో 47 ఛాన్సులకి 47 సేవ్‌లు చేశాడు. ఈఆర్ఏ 0.54. టొరంటోతో ఓడితే ఇంటికే అనే మ్యాచ్, 2-2తో సమం. ఆధిక్యం లేదు కాబట్టి సేవ్ ఛాన్సూ లేదు. మేనేజర్ అతన్ని దించనే లేదు. 11వ ఇన్నింగ్స్‌లో ఎడ్విన్ ఎన్‌కార్నాసియన్ మూడు రన్స్ హోమ్‌రన్ కొట్టాడు. అంతే, ఖేల్ ఖతం.

నాది నైట్ షిఫ్ట్ సపోర్ట్ జాబ్. సగం చెడిపోయిన టికెట్లు మా చేతికొస్తాయి. తెల్లారేలోపు దారిన పెడతాం. పొద్దున వచ్చినవాళ్లు ‘క్లోజ్’ నొక్కుతారు, రిపోర్టులో వాళ్ల పేరే. ఈసారి మా జూనియర్ అమ్మాయి రేటింగ్ తగ్గింది. తను క్లోజ్ చేసినవి తక్కువట. అందుకే తన టికెట్లు ఒక్కోటి ఏ స్థితిలో చేతికొచ్చాయో, ఏ స్థితిలో అప్పగించిందో షీట్‌లో రాస్తున్నా. సోమవారం మీటింగ్‌లో అది మేనేజర్ ముందు పెడతాం.